ఊదుకొలిమి: బొగ్గు పొదుపు చరిత్ర



కమ్మరి కొలిమి లేని పల్లె మన సరిహద్దు ప్రాంతాల్లో నిన్నమొన్నటి దాకా లేదనే చెప్పాలి. నాగలికర్రు సాగగొట్టించాలన్నా, కొడవలికి కక్కు పెట్టించాలన్నా, బండి చక్రానికి ఇనుప పట్టా వేయించాలన్నా రైతు అక్కడికే వెళ్ళేవాడు. ఆ కొలిమికి ముఖ్యంగా కావలసినవి రెండు: తిత్తి ఊదే గాలి, బుట్టెడు బొగ్గులు. ఈనాడు బళ్ళారి జిల్లా తోరణగల్లులోనో, ఒడిశా రూర్కెలాలోనో, మన విశాఖపట్నంలోనో ఆకాశమంత ఎత్తున కనిపించే బ్లాస్ట్ ఫర్నేసుకు కావలసినవి కూడా ప్రధానంగా అవే. అందుకే తెలుగులో దానిని ఊదుకొలిమి అన్నారు. తేడా ఒక్కటే. కమ్మరి కొలిమి ఉన్న ఇనుమును మెత్తబరుస్తుంది. ఊదుకొలిమి రాయిని ఇనుముగా మారుస్తుంది.

ఈ మార్పు జరిగేటప్పుడు కొలిమి నుంచి బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్, పెద్ద ఎత్తున వెలువడుతుంది. మానవులు గాలిలోకి వదిలే ఈ వాయువులో నూటికి ఏడెనిమిది పాళ్ళు ఉక్కు పరిశ్రమ నుంచే వస్తున్నాయని అంచనా. దీనిని తగ్గించాలని దేశదేశాలలో ప్రయత్నాలు జరుగుతున్నాయి. ఇది కొత్త సమస్యలా కనిపిస్తుంది. కానీ ఊదుకొలిమి తినే బొగ్గును తగ్గించాలన్న ప్రయత్నానికి మూడు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. ఆ చరిత్రను ఈనాటి ప్రసంగంలో కొంచెం వివరంగా తెలుసుకుందాం. అందులో మన కర్ణాటకలోని భద్రావతికి, మోక్షగుండం ఇంటిపేరున్న ఒక మహానుభావునికి కూడా చోటుంది.

ముందుగా కొలిమిలో బొగ్గు చేసే పని ఏమిటో చూద్దాం. భూమిలో దొరికే ఇనుప ఖనిజం అంటే ఇనుము, ప్రాణవాయువు కలిసి గట్టిపడిన రాయి. ఆ రాయి నుంచి ప్రాణవాయువును విడదీస్తే ఇనుము మిగులుతుంది. ఊదుకొలిమిలో బొగ్గు మూడు పనులు చేస్తుంది. మొదటిది, మండి వేడినిస్తుంది. రెండవది, కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువుగా మారి ఖనిజంలోని ప్రాణవాయువును లాగేసుకుంటుంది. మూడవది, పైనుంచి పోసిన ఖనిజం, సున్నపురాయి బరువును మోస్తూ, మధ్యలో గాలి ఆడటానికి సందులు ఉంచుతుంది. ఈ మూడు పనులను శ్రోతలు జ్ఞాపకం ఉంచుకోవాలి. మూడు వందల ఏళ్ళ కథ అంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

పూర్వం మన దేశంలో ఇనుము తీసినవాళ్ళు కట్టెబొగ్గునే వాడేవారు. నూజివీడు సీమలోని రమణక్కపేటలో ఇనుము కరిగించే కొలిమలను బెంజమిన్ హైన్ అనే వైద్యుడు 1795లో చూసి వర్ణించాడు. 1800లో మైసూరు రాజ్యంలో పర్యటించిన ఫ్రాన్సిస్ బుకానన్ మధుగిరి ప్రాంతపు కొలిమల గురించి రాశాడు. అవి మనిషి ఎత్తుకు అటూ ఇటూగా ఉండే మట్టి కొలిమలు. ఊరి అవసరానికి సరిపడా ఇనుము తీసేవి. చుట్టూ అడవి ఉన్నంత కాలం వాటికి లోటు లేదు.

కొలిమి పెద్దదయ్యే కొద్దీ అడవి చిన్నదవుతుంది. ఈ సంగతి మన తీరంలోనే ఒకసారి రుజువైంది. చిదంబరానికి దగ్గరలోని పరంగిపేటలో, అంటే పోర్టోనోవోలో, జోసయా మార్షల్ హీత్ అనే ఆంగ్లేయుడు 1830లో ఊదుకొలిమి కార్ఖానా పెట్టాడు. సేలం ఖనిజం అక్కడికి తెచ్చేవారు. ఖనిజం మేలైనది, ఇనుమూ మంచిదే. కానీ కట్టెబొగ్గు రానురాను దూరం నుంచి తేవలసి వచ్చింది. ధర పెరిగింది. ఇతర కష్టాలు కూడా తోడై 1870ల నాటికి ఆ కంపెనీ కథ ముగిసింది.

ఇంగ్లండులో ఈ ఇబ్బంది అంతకు నూరేళ్ళ ముందే వచ్చింది. అక్కడ కట్టెబొగ్గుకు బదులు భూమిలోని రాతిబొగ్గు వాడదామంటే అందులోని గంధకం ఇనుమును పాడుచేసేది. 1709లో కోల్‌బ్రూక్‌డేల్ అనే చోట ఏబ్రహాం డార్బీ రాతిబొగ్గును ముందుగా కాల్చి, దానిలోని ఆవిరి పదార్థాలను పోగొట్టి, మిగిలిన కోకుతో ఇనుము తీశాడు. ఆ పద్ధతి బాగా వ్యాపించడానికి మరో నలభై యాభై ఏళ్ళు పట్టింది. కోకు గట్టిది. పైన ఎంత బరువు పడినా పిండి కాదు. అంటే ఇందాక చెప్పుకున్న మూడవ పనిని అది కట్టెబొగ్గు కంటే బాగా చేస్తుంది. అందుకే కొలిమలు ఎత్తు పెరిగాయి. అడవికి కొంత ఊపిరి దొరికింది. గనికి పని పెరిగింది.

ఇక అసలు పొదుపు కథ స్కాట్లండులో మొదలైంది. ఆ రోజుల్లో కొలిమి యజమానులకు ఒక గట్టి నమ్మకం ఉండేది. చలికాలంలో కొలిమి బాగా పనిచేస్తుంది కాబట్టి, ఊదే గాలి ఎంత చల్లగా ఉంటే అంత మంచిదని వారు అనుకునేవారు. నిజానికి చలికాలపు గాలిలో తేమ తక్కువ. మేలు జరిగింది తేమ లేనందువల్లే కాని చల్లదనం వల్ల కాదు. గ్లాస్గో నగరంలో గ్యాసు కర్మాగారం నడిపే జేమ్స్ బోమాంట్ నీల్సన్ ఇందుకు విరుద్ధంగా ఆలోచించి, గాలిని ముందే వేడిచేసి ఊదాలన్నాడు. 1828లో పేటెంటు తీసుకున్నాడు.

క్లైడ్ ఇనుప కార్ఖానాలో దాని ఫలితం లెక్కలతో సహా నమోదైంది. 1829లో చల్లని గాలితో ఒక టన్ను ఇనుముకు ఎనిమిది టన్నుల పైచిలుకు రాతిబొగ్గు ఖర్చయ్యేది. మరుసటి ఏడు గాలిని సుమారు 150 డిగ్రీల సెంటిగ్రేడుకు వేడిచేస్తే అది ఐదు టన్నుల చిల్లరకు దిగింది. 1833 నాటికి గాలి వేడిని 315 డిగ్రీల దాకా పెంచి, కోకు చేయకుండా పచ్చిబొగ్గునే వాడగలిగారు. అప్పుడు ఖర్చు రెండుంబావు టన్నుల దగ్గరికి వచ్చింది. అంటే నాలుగేళ్ళలో బొగ్గు ఖర్చు మూడో వంతు కంటే తక్కువకు పడిపోయింది.

ఆ తరువాత వచ్చిన మెరుగు కొలిమి పైభాగాన దొరికింది. అంతకు ముందు కొలిమి నోటి నుంచి వచ్చే వాయువు ఊరికే మండిపోతూ రాత్రిళ్ళు ఆకాశాన్ని ఎర్రగా వెలిగించేది. చూసేవారికి అందంగా ఉన్నా యజమానికి అది నష్టం. ఎందుకంటే అందులో మండగల కార్బన్ మోనాక్సైడ్ ఉంది. 1832 ప్రాంతంలో జర్మనీలోని వాసెరాల్ఫింగెన్‌లో ఫాబెర్ డ్యు ఫౌర్ ఆ వాయువును పట్టి, దానితోనే ఊదే గాలిని వేడిచేశాడు. 1857లో ఎడ్వర్డ్ కౌపర్ ఇటుకలు పేర్చిన పెద్ద పొయ్యికి పేటెంటు తీసుకున్నాడు. కొలిమి వాయువును మండించి ఇటుకలకు వేడి పట్టిస్తారు. ఆ తరువాత అదే ఇటుకల మీదుగా గాలిని పంపుతారు. ఈనాడు ఊదుకొలిమి పక్కన బుర్రగుండ్రని కప్పుతో నిలబడి ఉండే మూడు నాలుగు గోపురాలు ఆ పొయ్యిలే. వాటి నుంచి ఇప్పుడు గాలి 1,200 డిగ్రీల దాకా వేడెక్కి కొలిమిలోకి వెళుతుంది.

కొలిమి నోటి నుంచి వాయువు వృథాగా పోతున్నదంటే కొలిమి పొట్టిగా ఉన్నదేమో, వాయువుకు ఖనిజంతో కలిసి ఉండే సమయం చాలడం లేదేమో అని ఇంగ్లండు క్లీవ్‌లండ్ ప్రాంతం వారు అనుకున్నారు. కొలిమి ఎత్తును ముప్ఫై మీటర్ల దాకా పెంచారు. చాలా డబ్బు పోసిన తరువాత చూస్తే వాయువు పాళ్ళలో పెద్ద మార్పు లేదు. పందొమ్మిదవ శతాబ్దం చివరలో హెన్రీ లె షాటెలియే అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఈ సంగతినే ఉదాహరణగా తీసుకుని ఒక సూత్రాన్ని వివరించాడు. రసాయన చర్య రెండు వైపులా నడిచేటప్పుడు ఒక దశలో తూకం కుదిరి ఆగిపోతుందని, ఎత్తు పెంచినంత మాత్రాన ఆ తూకం మారదని ఆయన చెప్పాడు. పొదుపుకు ప్రకృతి పెట్టిన హద్దు ఒకటున్నదని పరిశ్రమకు అర్థమైంది అప్పుడే.

అయితే ఇక్కడ మనం ఆగి గమనించవలసిన విషయం మరొకటి ఉంది. నీల్సన్ పద్ధతి వల్ల స్కాట్లండులో మొత్తం బొగ్గు ఖర్చు తగ్గిందా? 1865లో విలియం స్టాన్లీ జెవన్స్ అనే అర్థశాస్త్రవేత్త బొగ్గు సమస్య మీద రాసిన పుస్తకంలో ఈ లెక్క తీశాడు. టన్నుకు బొగ్గు మూడో వంతు లోపుకు తగ్గినా, 1830 నుంచి 1863 దాకా స్కాట్లండులో మొత్తం బొగ్గు వాడకం పదింతలు పెరిగిందని చూపాడు. కారణం తేలికగానే తెలుస్తుంది. బొగ్గు ఆదా అయితే ఇనుము చౌక అవుతుంది. చౌక అయితే గిరాకీ పెరుగుతుంది. పట్టాలు, వంతెనలు, ఓడలు పెరుగుతాయి. చివరికి కొలిమలే పెరుగుతాయి. ఇది నూట అరవై ఏళ్ళ నాటి మాట. ఈనాటికీ దానిని మరిచిపోవడానికి వీలులేదు.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 1870లలో బెంగాలులోని బరాకర్ దగ్గర కుల్టీలో కోకుతో ఇనుము తీయడం మొదలైంది. ఒడిశా గురుమహిసాని కొండల ఖనిజంతో జంషెడ్‌పూరులో 1911 డిసెంబరులో తొలి ఇనుము వచ్చింది. వాటికి ఝరియా బొగ్గుగనులు దగ్గర. మైసూరు సంస్థానం సంగతి వేరు. అక్కడ బాబాబుడన్ కొండల్లో కెమ్మణ్ణుగుండి దగ్గర మేలైన ఖనిజం ఉంది. కానీ బొగ్గుగని లేదు. రాతిబొగ్గు వందల మైళ్ళ దూరం నుంచి రావాలి.

ఈ చిక్కుముడి విప్పడానికి పూనుకున్నది సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు. వారి పూర్వీకులది బేస్తవారిపేట దగ్గరి మోక్షగుండం గ్రామం. వారు చిక్కబళ్ళాపురం దగ్గరి ముద్దేనహళ్ళిలో పుట్టి, 1912 నుంచి 1918 దాకా మైసూరు దివానుగా పనిచేశారు. వారి చొరవతో భద్రావతిలో కట్టెబొగ్గుతో నడిచే ఊదుకొలిమి వెలిసింది. 1923 జనవరిలో పని ప్రారంభించింది. కార్ఖానా పాలక మండలికి అధ్యక్షులుగా ఉండి 1929 దాకా దానిని నిలబెట్టినవారు కూడా వారే.

భద్రావతి పద్ధతిలో చూడవలసిన విశేషం ఒకటుంది. అక్కడ కట్టెను బొగ్గుబట్టీలో పెట్టి పొగను గాలికి వదిలేయలేదు. మూసిన పాత్రల్లో వేడిచేసి, బొగ్గుతో పాటు కట్టె నుంచి వచ్చే తారును, కట్టె సారాయిని, ఎసిటేటును కూడా పట్టుకున్నారు. ఆ రోజుల్లో ఆసియాలో అంత పెద్ద కట్టె బట్టీ కర్మాగారం అరుదు. షిమోగా, కడూరు జిల్లాల అడవుల నుంచి ట్రాం బళ్ళ మీద కట్టె వచ్చేది.

కట్టెబొగ్గు కూడా మండితే బొగ్గుపులుసు వాయువే వస్తుంది కదా, తేడా ఏమిటని శ్రోతలకు సందేహం కలగవచ్చు. చెట్టు పెరిగేటప్పుడు గాలిలోని ఆ వాయువునే తీసుకుని కట్టెగా మార్చుకుంటుంది. నరికినన్ని చెట్లు మళ్ళీ అంతే వేగంగా పెరిగితే లెక్క సరిపోతుంది. పెరగకపోతే ఆకాశానికీ నష్టం, అడవికీ నష్టం. బ్రెజిల్ దేశంలో మినాస్ జెరైస్ రాష్ట్రంలో నీలగిరి తోటలు పెంచి ఆ బొగ్గుతో ఈనాటికీ చిన్న ఊదుకొలిమలు నడుపుతున్నారు. చిన్నవి అనడానికి కారణం ఉంది. కట్టెబొగ్గు మెత్తనిది. పెద్ద కొలిమిలో బరువు కింద నలిగి పొడి అవుతుంది. భద్రావతి తొలి కొలిమి రోజుకు వంద టన్నులు కూడా దాటనిది. విశాఖపట్నంలో గోదావరి, కృష్ణ అని పేరు పెట్టుకున్న కొలిమలు ఒక్కొక్కటి రోజుకు నాలుగున్నర వేల టన్నులకు పైగా తీసేలా నిర్మించినవి. అంత బరువును కట్టెబొగ్గు మోయలేదు.

భద్రావతిలో తరువాతి అడుగు ఇంకా ఆసక్తికరమైనది. శరావతి నది మీద జోగ్ జలవిద్యుత్తు అందుబాటులోకి వచ్చాక, 1950లలో అక్కడ విద్యుత్తుతో నడిచే ఇనుప కొలిమలు పెట్టారు. అందులో వేడిని కరెంటు ఇస్తుంది. బొగ్గు ప్రాణవాయువును లాగే పనికి మాత్రమే. అంటే బొగ్గు చేసే మూడు పనుల్లో ఒకదానిని విడదీసి నీటికి అప్పగించారన్నమాట. అప్పటికి ఎవరూ వాతావరణం గురించి ఆలోచించలేదు. బొగ్గు దొరకని చోట బొగ్గు పొదుపు చేయాలన్నదే వారి తాపత్రయం. కానీ ఈనాడు ప్రపంచమంతా వెతుకుతున్న దారి దాదాపు అదే.

ఇక విశాఖ ఉక్కు. 1966 ఉద్యమం, 1971లో శంకుస్థాపన, 1990లో గోదావరి కొలిమిలో తొలి ఇనుము, 1992 ఆగస్టులో జాతికి అంకితం. ఈ సంగతులు మన శ్రోతలకు తెలిసినవే. అంతగా ప్రచారంలోకి రాని సంగతి ఏమిటంటే, ఇంధనం పొదుపులో ఆ కర్మాగారం దేశానికి కొన్ని కొత్త పద్ధతులు చూపింది. సాధారణంగా బట్టీ నుంచి తీసిన ఎర్రని కోకు మీద నీళ్ళు చల్లి ఆర్పుతారు. వెయ్యి డిగ్రీల వేడి అంతా ఆవిరై పోతుంది. విశాఖలో నీటికి బదులు నత్రజని వాయువును పంపి కోకును చల్లార్చి, ఆ వేడితో ఆవిరి తయారుచేసి కరెంటు తీస్తారు. కొలిమి పైనుంచి ఒత్తిడితో వచ్చే వాయువుతో కూడా 12 మెగావాట్ల టర్బైన్లు రెండు తిప్పే ఏర్పాటు చేశారు. మన దేశంలో మేలైన కోకు బొగ్గు తక్కువ. ఉన్నదానిలో బూడిద ఎక్కువ. సముద్రం దాటి వచ్చే బొగ్గు ఖరీదు. అందువల్ల ఈ పొదుపు కర్మాగారానికి ప్రాణావసరమే.

ఇతర దేశాల్లోనూ ఈ కాలంలోనే పెద్ద మార్పులు వచ్చాయి. 1950 ప్రాంతంలో యూరపులో టన్ను ఇనుముకు సుమారు 1,000 కిలోల కోకు పట్టేది. ఖనిజాన్ని ముందే ఉండలుగా, గడ్డలుగా తయారుచేసి పోయడం, ఒత్తిడి పెంచడం, గాలిలో ప్రాణవాయువు పాలు పెంచడం, 1973 చమురు సంక్షోభం తరువాత నూనెకు బదులు మెత్తని బొగ్గుపొడిని గాలితో పాటు ఊదడం వంటి పనుల వల్ల, మంచి కొలిమల్లో మొత్తం ఇంధనం ఇప్పుడు 500 కిలోల దగ్గర ఉంది.

ఇంకా ఎంత తగ్గించవచ్చు? ఇక్కడ లె షాటెలియే చెప్పిన హద్దు ఎదురవుతుంది. ఒక చిన్న లెక్క చేద్దాం. ఎర్రని ఇనుప ఖనిజంలో 112 పాళ్ళ ఇనుముకు అంటిన ప్రాణవాయువును కార్బన్ మోనాక్సైడుతో లాగితే 132 పాళ్ళ బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. అంటే వేడి సంగతి పక్కన పెట్టినా, రసాయన చర్య ఒక్కదానికే టన్ను ఇనుముకు సుమారు 1.2 టన్నుల వాయువు తప్పదు. కోకు బట్టీలు, ఇతర పనులు కలుపుకుంటే ఊదుకొలిమి మార్గంలో టన్ను ఉక్కుకు రెండు టన్నులకు పైగా అవుతుంది. మన దేశపు సగటు సుమారు 2.5 టన్నులు. బొగ్గుతో స్పాంజి ఇనుము చేసే చిన్న కార్ఖానాలు మనకు ఎక్కువగా ఉండటం కూడా దీనికి ఒక కారణం. బళ్ళారి చుట్టుపక్కల వారికి, ఒడిశా సోదరులకు ఆ కార్ఖానాల పొగ కొత్త కాదు.

బొగ్గును ఆదా చేస్తూ పోతే ఒక దశలో ఆగక తప్పదు కాబట్టి, ప్రాణవాయువును లాగే పనిని వేరొకరికి అప్పగించాలి. ఆ వేరొకరు హైడ్రోజన్. అది ప్రాణవాయువుతో కలిస్తే నీరవుతుంది. 2023 ఏప్రిల్‌లో జంషెడ్‌పూరులోని ఒక ఊదుకొలిమిలో కొన్ని రోజుల పాటు హైడ్రోజన్ ఊది చూశారు. జపాన్‌లో కిమిత్సు దగ్గర 12 ఘనపు మీటర్ల ప్రయోగ కొలిమిలో వేడి హైడ్రోజన్ వాడి, 2024 చివరకు 43 శాతం తగ్గింపు సాధించినట్లు ప్రకటించారు. విశాఖ గోదావరి కొలిమిని మొదట కట్టినప్పుడే అది 3,200 ఘనపు మీటర్లు. పన్నెండు నుంచి మూడు వేలకు పోవడం చిన్న పని కాదు. పైగా హైడ్రోజన్ పనిచేసేటప్పుడు కొలిమి వేడిని తినేస్తుంది. బరువు మోయడానికి కోకు ఎలాగూ కావాలి. కాబట్టి ఊదుకొలిమిలో హైడ్రోజన్ బొగ్గుకు తోడు రాగలదు కాని పూర్తిగా దాని స్థానంలో కూర్చోలేదు. స్వీడన్ వారు అందుకే ఊదుకొలిమిని వదిలి, వేరే రకం కొలిమిలో హైడ్రోజన్‌తో ఇనుము తీసి, 2021లో ఆ ఉక్కును తొలిసారి అందించారు. జంషెడ్‌పూరులోనే 2021లో కొలిమి వాయువు నుంచి రోజుకు 5 టన్నుల బొగ్గుపులుసు వాయువును పట్టే యంత్రం పెట్టారు. పెద్ద కొలిమి రోజుకు వదిలేది వేల టన్నులు. ఆరంభంగా దానిని మెచ్చుకోవచ్చు. పరిష్కారం అనడానికి ఇంకా చాలా దూరం ఉంది.

ఇప్పుడు జెవన్స్ మాటను మళ్ళీ తలచుకుందాం. మన దేశం 2024లో సుమారు 15 కోట్ల టన్నుల ఉక్కు తయారుచేసింది. టన్నుకు 2.5 చొప్పున అది 37.5 కోట్ల టన్నుల వాయువు. 2017 జాతీయ ఉక్కు విధానం 30 కోట్ల టన్నుల సామర్థ్యం కావాలన్నది. టన్నుకు వాయువును 2 టన్నులకు తగ్గించినా, 30 కోట్ల టన్నుల ఉక్కు తీస్తే 60 కోట్ల టన్నులు అవుతుంది. పొదుపు జరుగుతుంది, మొత్తం మాత్రం పెరుగుతుంది. ఇళ్ళకు, వంతెనలకు, రైళ్ళకు ఉక్కు వద్దని అనలేం. మన తలసరి వాడకం ధనిక దేశాల కంటే తక్కువే. అందువల్ల పాత ఇనుమును కరిగించి మళ్ళీ వాడటం, సౌర విద్యుత్తుతో కొలిమలు నడపడం, కొత్తగా కట్టే కర్మాగారానికి ఏ పద్ధతి ఎంచుకోవాలో ముందే ఆలోచించడం అవసరమవుతున్నాయి. ఒకసారి కట్టిన ఊదుకొలిమి దశాబ్దాల పాటు బొగ్గు అడుగుతూనే ఉంటుంది.

ప్రభుత్వం 2024 డిసెంబరులో ఏది హరిత ఉక్కు అనడానికి ఒక కొలత పెట్టింది. టన్నుకు 2.2 టన్నుల లోపు వాయువు వదిలితేనే ఆ పేరు. 2026 నుంచి యూరోపియన్ యూనియన్ దిగుమతి అయ్యే ఉక్కు మీద దాని వాయువు లెక్కను బట్టి సుంకం వేసే పద్ధతి అమలులోకి తెచ్చింది. తోరణగల్లులో పనికి వెళ్ళే కార్మికుని జీతానికి, విశాఖ కర్మాగారం భవిష్యత్తుకు కూడా ఈ లెక్కలు సంబంధించినవే.

డార్బీ అడవి తరిగిందని కోకు వెతికాడు. నీల్సన్, కౌపర్ బొగ్గు ఖర్చు తగ్గించారు. భద్రావతి వారు బొగ్గు లేక నీటిని ఆశ్రయించారు. వారు వేసిన ప్రతి అడుగుకూ యజమాని జేబులో లాభం కనిపించింది, కాబట్టి ఎవరూ బలవంతపెట్టకుండానే ఆ మార్పు వచ్చింది. ఇక ముందు వేయవలసిన అడుగులో ఆ లాభం వెంటనే కనిపించదు. ఖర్చు ముందు వస్తుంది, మేలు తరువాతి తరానికి చేరుతుంది. ఆ ఖర్చు ఎవరు ఎంత మోయాలన్నది ఇంజనీర్లు ఒక్కరే తేల్చేది కాదు. ఉక్కు కొనేవారు, అమ్మేవారు, పాలించేవారు, కొలిమి నీడన బతికేవారు కలిసి తేల్చవలసినది. ఆ చర్చలో మన సరిహద్దు ఊళ్ళవారు కూడా విషయం తెలిసి మాట్లాడాలని ఆశిస్తున్నాను.